మొఖానికి రాసే ముందు చదవండి



ఈ పాఠం మొటిమల గురించి. "మొటిమలకు కూడా పాఠం కావాల్నా?" అని మీరు నవ్వవచ్చు. ఒక్కసారి మీ వాడను తలచుకోండి. మన ఏర్గట్లలో అయినా, చుట్టుపక్కల ఏ ఊరిలో అయినా మొటిమలు లేని ఇల్లు తక్కువ. తొమ్మిదో తరగతి చదివే బిడ్డకు ఉంటాయి. ఇంటర్ చదివే కొడుకుకు ఉంటాయి. బీడీలు చుట్టే కోడలికి కూడా ఉంటాయి.

మొటిమలతో ప్రాణం పోదు. అందుకే మనం పట్టించుకోం. పట్టించుకున్నా, ఎవరో చెప్పిన ట్యూబు తెచ్చి రాస్తాం. రెండింటిలోనూ నష్టం ఉంది. పట్టించుకోకపోతే కొందరికి మొఖం మీద గుంతలు పడతాయి. అవి జన్మంతా పోవు. తెలియని ట్యూబు రాస్తే బాగున్న చర్మం కూడా పాడవుతుంది.

మనం అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. ఆ చదువు మన బిడ్డల మొఖాన్ని ఎట్లా కాపాడుతుందో ఈ పాఠంలో చూద్దాం.

మొటిమ అంటే ఏమిటి?

మన చర్మంలో సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రంలో ఒక సన్నని వెంట్రుక ఉంటుంది. ఆ వెంట్రుక కుదురు దగ్గర ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అది నూనె లాంటి జిడ్డును తయారు చేస్తుంది. ఆ జిడ్డు రంధ్రం గుండా పైకి వచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. కాబట్టి జిడ్డు చెడ్డది కాదు. అది మనకు అవసరమే.

పొలంలో కాలువను గుర్తు చేసుకోండి. కాలువ నుంచి మడిలోకి తూము ఉంటుంది. తూములో చెత్త అడ్డం పడితే ఏమవుతుంది? నీళ్లు ముందుకు పోవు. అక్కడే నిలుస్తాయి. నిలిచిన నీళ్లలో పురుగు పుడుతుంది. మొటిమ కూడా ఇట్లాగే వస్తుంది.

మన చర్మం పైపొర రోజూ కొద్దికొద్దిగా రాలిపోతుంది. ఆ పొట్టు జిడ్డుతో కలిసి రంధ్రానికి అడ్డం పడుతుంది. లోపల జిడ్డు నిలిచిపోతుంది. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే ఒక రకం సూక్ష్మక్రిములు ఆ జిడ్డులో బాగా పెరుగుతాయి. అప్పుడు శరీరం వాటితో పోరాడుతుంది. ఆ చోటు వాస్తుంది. ఎర్రబడుతుంది. నొప్పి పెడుతుంది. చీము పడుతుంది. అదే మొటిమ.

మొఖం, వీపు, ఛాతీ, భుజాల మీద ఈ గ్రంథులు ఎక్కువ. అందుకే మొటిమలు ఆ చోట్లలోనే ఎక్కువ వస్తాయి. అరచేతిలో, అరికాలిలో ఈ గ్రంథులు లేవు. అక్కడ మొటిమలు రావు.

మొటిమలు ఎన్ని రకాలు?

అన్ని మొటిమలూ ఒకటి కావు. చూసి గుర్తుపట్టవచ్చు.

మొదటి రకం తెల్ల గింజలు, నల్ల చుక్కలు. వీటికి నొప్పి ఉండదు. నల్ల చుక్క మురికి అనుకుంటాం. అది మురికి కాదు. రంధ్రం మూతి తెరుచుకుని ఉంటే లోపలి జిడ్డుకు గాలి తగులుతుంది. గాలి తగిలి నల్లబడుతుంది. ఎంత రుద్దినా అందుకే పోదు.

రెండో రకం ఎర్రని పొక్కులు, చీము పొక్కులు. ముట్టుకుంటే నొప్పి పెడతాయి.

మూడో రకం లోపలి గడ్డలు. ఇవి చర్మం కింద గట్టిగా, లోతుగా ఉంటాయి. చాలా నొప్పి పెడతాయి. మానిన తర్వాత గుంతలు మిగులుస్తాయి. ఈ రకం కనిపిస్తే ఇంట్లో వైద్యం వద్దు. వెంటనే దవాఖానకు పోవాలి.

ఎవరికి వస్తాయి? ఎందుకు వస్తాయి?

పన్నెండు, పదమూడేళ్ల వయసులో పిల్లల శరీరం పెద్దవుతుంది. అప్పుడు కొన్ని రసాలు రక్తంలో ఎక్కువగా ఊరతాయి. వాటిని హార్మోన్లు అంటారు. వాటి వల్ల జిడ్డు గ్రంథులు పెద్దవవుతాయి. జిడ్డు ఎక్కువ వస్తుంది. ఇది ఆడపిల్లలకూ, మగపిల్లలకూ జరుగుతుంది. 12 నుంచి 24 ఏళ్ల వయసు వాళ్లలో నూటికి 80 మందికి పైగా ఎంతో కొంత మొటిమలు చూస్తారు. మన దగ్గరే కాదు, అమెరికాలో అయినా ఇంతే.

తల్లికో, తండ్రికో మొటిమలు ఎక్కువ ఉండి ఉంటే పిల్లలకు కూడా ఎక్కువ వచ్చే అవకాశం ఉంది.

ఇరవై, ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు కూడా మొటిమలు వస్తాయి. ఎక్కువగా గదవ మీద, దవడల వెంట వస్తాయి. నెలసరికి వారం ముందు కొందరికి ఎక్కువవుతాయి. నెలసరి తర్వాత తగ్గుతాయి. ఇది హార్మోన్ల మార్పు వల్లనే.

ఇక్కడ ఒక ముఖ్య సంగతి ఉంది. మొటిమలతో పాటు నెలసరి రెండు మూడు నెలలకు ఒకసారి వస్తున్నదా? గదవ మీద, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయా? బరువు పెరుగుతున్నదా? అయితే అది పీసీఓఎస్ అనే సమస్య కావచ్చు. ఇది అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించినది. మొఖానికి మందు రాస్తే ఇది తగ్గదు. డాక్టరుకు చూపించాలి.

కొన్ని మందుల వల్ల కూడా మొటిమలు వస్తాయి. ఫిట్స్ మందులు, టీబీ మందులు వాడే వాళ్లలో కొందరికి ఇట్లా అవుతుంది. అట్లాగని ఆ గోలీలు ఆపవద్దు. టీబీ మందు మధ్యలో ఆపితే ప్రాణానికే ముప్పు. మందు ఇచ్చిన డాక్టరుకు మొటిమల సంగతి చెప్పండి.

మన దగ్గర చెప్పుకునే మాటలు

"ఒంట్లో వేడి చేసింది, గందుకే మొటిమలు."
మామిడి పండు వల్లనో, కోడిగుడ్డు వల్లనో మొటిమలు వస్తాయని రుజువు లేదు. తీపి మాత్రం తగ్గించడం మంచిది. చక్కెర, మిఠాయిలు, రంగు కూల్‌డ్రింకులు ఎక్కువైతే కొందరికి మొటిమలు పెరుగుతాయని పరిశోధనల్లో కనిపించింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడ్డది. మన చాయలో చక్కెర మాత్రం తగ్గలేదు! రోజుకు నాలుగు చాయలు తాగేవాళ్లు రెండుకు తగ్గించండి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు తినండి. ఇది మొటిమలకే కాదు, ఒంటికంతా మంచిది.

"మొఖం సరిగ్గ కడుక్కోదు, గందుకే వచ్చినయి."
తప్పు. అడ్డం పడేది రంధ్రం లోపల. పైన ఉన్న మురికి దానికి కారణం కాదు. రోజుకు పది సార్లు సబ్బు పెట్టి రుద్దితే చర్మం ఎండి మంట పెడుతుంది. మొటిమలు ఇంకా ఎర్రబడతాయి.

"పెండ్లి అయితే అవే పోతయి."
తప్పు. పెండ్లికీ మొటిమలకూ సంబంధం లేదు. పెండ్లయిన వాళ్లకు కూడా వస్తాయి. ఈ మాట నమ్మి వైద్యం ఆపితే గుంతలు మిగులుతాయి.

"పిల్ల మనసు మంచిగ లేదు, గందుకే మొఖం మీద లేచినయి."
ఇది చాలా చెడ్డ మాట. మొటిమలకూ నడతకూ ఏ సంబంధం లేదు. ఇట్లాంటి మాట అన్నవాళ్లు మరిచిపోతారు. పడ్డ పిల్ల మరిచిపోదు.

"పొద్దున్నే ఉమ్మి రాస్తే పోతయి. పండ్ల పేస్టు రాస్తే పోతయి. సున్నం పెడితే పోతయి."
ఏదీ రాయవద్దు. ఉమ్మిలో క్రిములు ఉంటాయి. పేస్టు చర్మాన్ని మండిస్తుంది. సున్నం కాలుస్తుంది. కాలిన మచ్చ మొటిమ కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది. నిమ్మరసం కూడా అంతే. నిమ్మరసం రాసి ఎండలోకి పోతే చర్మం నల్లగా కమిలిపోతుంది.

మరి పసుపు సంగతి?

మనది పసుపు పండే నేల. పక్కనే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉంది. నిజామాబాద్ మార్కెట్ యార్డు పసుపుకు పేరు పొందింది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పసుపు మన ఇంటి బంగారం. అందుకే పసుపు గురించి ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవాలి.

పసుపులో కుర్కుమిన్ అనే పదార్థం ఉంది. దానికి వాపును తగ్గించే గుణం ఉంది. అయితే పసుపు ముద్ద మొఖానికి పూస్తే మొటిమలు మానుతాయని గట్టి రుజువు లేదు. మీకు అలవాటు ఉండి, పడుతుంటే, స్నానానికి ముందు ఇంట్లో దంచిన పసుపు కొద్దిగా రాసి కడుక్కోవచ్చు. దురద, మంట వస్తే ఆపండి. కొందరికి పసుపు పడదు.

విడిగా అమ్మే పొడితో జాగ్రత్త. రంగు రావడానికి కొందరు మెటానిల్ ఎల్లో అనే రంగు కలుపుతారు. సీసం ఉన్న రంగు కూడా కలుపుతారు. అవి విషాలు. కొమ్ములు కొని ఇంట్లో దంచుకుంటే మేలు.

పసుపు కూరకు మంచిది. పేరంటానికి మంచిది. ముదిరిన మొటిమలకు మాత్రం దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇంట్లో రోజూ ఏం చేయాలి?

ఒకటి: పొద్దున, రాత్రి రెండు సార్లు మొఖం కడగాలి. గాఢత తక్కువ ఉన్న సబ్బు చాలు. చేతి వేళ్లతో మెల్లగా కడగాలి. రాయితో, పీచుతో, గరుకు బట్టతో రుద్దవద్దు. కడిగాక మెత్తని బట్టతో అద్దాలి.

రెండు: పొలం పని చేసి చెమట పడితే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి. పసుపు ఉడకబెట్టే రోజుల్లో, వరి కోతల్లో మొఖానికి బట్ట కట్టుకుంటాం. ఆ బట్టను రోజూ ఉతకాలి.

మూడు: బీడీలు చుట్టిన చేతితో మొఖం తడమవద్దు. పొగాకు దుమ్ము కళ్లకు, చర్మానికి మంట. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నాలుగు: తలకు నూనె కొద్దిగానే పెట్టాలి. నూనె నుదుటి మీదికి జారితే అక్కడ మొటిమలు లేస్తాయి. మొఖానికి కొబ్బరి నూనె రాయవద్దు. దిండు గలీబు వారానికి ఒకసారి అయినా ఉతకాలి.

ఐదు: మొటిమను గిల్లవద్దు. చిదమవద్దు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. చిదిమితే చీము బయటికే కాదు, లోపలికి కూడా పోతుంది. వాపు పెరుగుతుంది. నల్ల మచ్చ పడుతుంది. గుంత పడుతుంది.

ఆరు: ఎండలో పోయేటప్పుడు కొంగు కప్పుకోవాలి. గొడుగు ఉంటే ఇంకా మంచిది. ఎండ వల్ల నల్ల మచ్చలు ముదురుతాయి.

మొటిమలకు అసలు మందులు ఉన్నాయా?

ఉన్నాయి. మంచి మందులే ఉన్నాయి. కాకపోతే అవి రాత్రికి రాత్రి పని చేయవు. విత్తనం వేసిన మరునాడే పంట కోయం కదా! మొటిమల మందు కూడా అంతే. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తేడా కనిపిస్తుంది. పూర్తి ఫలితానికి మూడు నెలలు పట్టవచ్చు. చాలా మంది రెండు వారాలు రాసి "ఇది పని చేస్తలేదు" అని పారేస్తారు. అక్కడే దెబ్బ తింటారు.

డాక్టర్లు ఎక్కువగా రాసే మందులు ఇవి.

బెంజోయిల్ పెరాక్సైడ్: ఇది క్రిములను చంపుతుంది. మొదట్లో చర్మం కొంచెం ఎండుతుంది. ఇది బట్టకు తగిలితే రంగు పోతుంది. చీర కొంగుకు, తువ్వాలకు తగలకుండా చూసుకోవాలి.

అడాపలీన్: ఇది అడ్డం పడ్డ రంధ్రాలను తెరుస్తుంది. రాత్రి పడుకునే ముందు రాయాలి. శనగ గింజంత మందు మొఖం అంతటికీ చాలు. మొటిమ ఉన్న చోటనే కాదు, మొఖం అంతా పలుచగా రాయాలి. మొదట్లో రోజు విడిచి రోజు రాస్తే మంట తక్కువ ఉంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు ఇది రాయవద్దు.

క్లిండమైసిన్: ఇది క్రిములను చంపే మలాం. దీన్ని ఒక్కదాన్నే నెలల తరబడి రాస్తే క్రిములు మొండివవుతాయి. తర్వాత మందుకు లొంగవు. అందుకే వేరే మందుతో కలిపి ఇస్తారు.

గోలీలు: మొటిమలు ఎక్కువ ఉంటే డాక్సీసైక్లిన్ వంటి గోలీలు కొన్ని వారాలు ఇస్తారు. గర్భిణులు ఇవి మింగవద్దు.

ఐసోట్రెటినాయిన్: లోపలి గడ్డలకు, గుంతలు పడే మొటిమలకు చర్మ డాక్టర్లు ఈ గోలీ ఇస్తారు. బాగా పని చేస్తుంది. అయితే గర్భంతో ఉన్నప్పుడు దీన్ని మింగితే కడుపులో బిడ్డకు ఘోరమైన అవకరం వస్తుంది. ఈ గోలీ వాడుతున్నన్ని రోజులు, ఆపిన తర్వాత ఒక నెల వరకు గర్భం రాకూడదు. పెండ్లి కుదిరిన పిల్లలు, పెండ్లయిన వాళ్లు ఈ సంగతి డాక్టరుతో దాచకుండా మాట్లాడాలి. ఒకరికి రాసిన గోలీ ఇంకొకరికి ఇవ్వవద్దు.

గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. మీకు సరిపడే వేరే మందులు ఉన్నాయి.

నాలుగు రోజుల్లో తెల్లగా చేసే ట్యూబు

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. ఒక తల్లి, ఆశ అక్క మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

తల్లి: మా పిల్ల మొఖం చూడు అక్కా. ఎండకు పోతే మంట అంటున్నది. పొయ్యి కాడ కూసుంటే ఎర్రగైతున్నది.

ఆశ: మొఖానికి ఏం రాస్తున్నది?

తల్లి: ఒక ట్యూబు. దోస్తు చెప్పింది. రాసినంక నాలుగు రోజులకే మొఖం తెల్లగైంది. మొటిమలు అణిగినయి.

ఆశ: డాక్టరు చీటీ రాసిండా?

తల్లి: లేదు. దుకాణంల అడిగితే ఇచ్చిండ్రు.

ఆశ: ఎన్ని రోజుల సంది రాస్తున్నది?

తల్లి: దసరా సంది. ఇప్పుడు సంక్రాంతి వచ్చె.

ఆశ: మధ్యల ఆపలేదా?

తల్లి: ఒకసారి ఆపింది. రెండు రోజులకే మొఖమంతా మంట, దురద. మొటిమలు గుప్పున లేచినయి. మళ్ల రాస్తే తగ్గినయి. గందుకే ఇది మంచి మందు అనుకున్నం.

ఆశ: గదే దాని మోసం అక్కా. అండ్ల స్టెరాయిడ్ ఉన్నది.

స్టెరాయిడ్ అంటే ఏమిటి? అది వాపును, ఎరుపును వెంటనే అణచే మందు. కొన్ని చర్మ రోగాలకు డాక్టర్లు దాన్ని కొద్ది రోజులు వాడమని రాస్తారు. అక్కడ అది మంచి మందే. మొటిమల మొఖానికి నెలల తరబడి రాస్తే మాత్రం అది శత్రువు.

మొదట మొఖం తెల్లబడుతుంది. మొటిమలు అణుగుతాయి. అందరూ "ఏం రాస్తున్నవ్?" అని అడుగుతారు. కొన్ని వారాలకు చర్మం పలుచబడుతుంది. సన్నని ఎర్రని నరాలు పైకి కనిపిస్తాయి. ఎండ పడదు. బుగ్గల మీద, గదవ మీద వెంట్రుకలు మొలుస్తాయి. మునుపటి కన్నా ఎక్కువ మొటిమలు వస్తాయి. ఆపితే మంట లేస్తుంది. మంట తట్టుకోలేక మళ్లీ రాస్తారు. కల్లుకు అలవాటు పడ్డట్టు మొఖం ట్యూబుకు అలవాటు పడుతుంది.

ఇది ఒక్క మన ఊరి సమస్య కాదు. దేశమంతటా చర్మ డాక్టర్లు ఇట్లా పాడైన మొఖాలను చూశారు. సర్కారును కదిలించారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ మలాములను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. చట్టం కాగితం మీద ఉంది. దుకాణంలో అది అమలు కావాలంటే కొనే మనకు కూడా తెలిసి ఉండాలి.

ఇట్లాంటి ట్యూబు ఇప్పటికే రాస్తున్న వాళ్లు భయపడవద్దు. సిగ్గుపడవద్దు. ట్యూబు చేతిలో పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి పోండి. ఎట్లా ఆపాలో చెబుతారు. మంటకు వేరే మందు ఇస్తారు. మొఖం కుదుటపడడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఓపిక పట్టాలి. మళ్లీ ఆ ట్యూబు జోలికి పోవద్దు.

దుబాయి నుంచి వచ్చిన డబ్బా

మన ఊళ్ల నుంచి చాలా మంది గల్ఫ్ దేశాలకు పోయారు. వచ్చేటప్పుడు సబ్బులు, సెంట్లు, మొఖం క్రీములు తెస్తారు. ప్రేమతో తెస్తారు. కానీ పేరు, తయారు చేసిన కంపెనీ, కలిపిన పదార్థాలు రాయని తెల్లబరిచే క్రీము ఎక్కడిదైనా వాడవద్దు. ఇట్లాంటి క్రీముల్లో కొన్నింటిలో పాదరసం ఉంటుంది. పాదరసం చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. కిడ్నీలను దెబ్బ తీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇట్లాగే జరిగింది. తెల్లబడే క్రీములు రాసిన కొందరికి కిడ్నీ జబ్బు వచ్చినట్టు అక్కడి డాక్టర్లు గుర్తించారు. మొఖం తెల్లబడాలని రాస్తే కిడ్నీల మీదికి వచ్చింది.

ట్యూబు మీద ఏం చదవాలి?

ట్యూబు మీద రాత చాలా వరకు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా ఈ గుర్తులు పట్టవచ్చు.

ఎర్ర గీత: ట్యూబు మీద, డబ్బా మీద ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత ఉందా? ఉంటే అది డాక్టరు చీటీ మీదనే కొనాల్సిన మందు. ఎర్ర గీత ఉంటే చెడ్డ మందు అని కాదు. డాక్టరు చూడకుండా వాడకూడని మందు అని అర్థం. గీత లేదు కాబట్టి మంచిదే అని కూడా అనుకోవద్దు. దొంగ సరుకు మీద ఏ గీతా ఉండదు.

తేదీ: తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. గడువు ముగిసే నెల, సంవత్సరం ఉంటాయి. ఇవి అంకెలు. మనకు వచ్చు. గడువు దాటిన మందు వాపసు ఇవ్వండి.

ధర: దీని మీద కూడా అంకెలే ఉంటాయి. అంతకన్నా ఎక్కువ ఇవ్వవద్దు. బిల్లు అడగండి.

మందు పేరు: పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. బడికి పోయే మీ పిల్లతో ఆ చిన్న అక్షరాలు గట్టిగా చదివించండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, డెక్సామెథాసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏదైనా వినిపిస్తే అది స్టెరాయిడ్. డాక్టరు చెప్పకుండా మొఖానికి రాయవద్దు.

ఈ ఐదు పేర్లు ఒక కాగితం మీద మీ చేతితో రాసుకోండి. అద్దం పక్కన అతికించండి.

దవాఖానకు ఎప్పుడు పోవాలి?

లోపలి గడ్డలు ఉంటే పోవాలి. గుంతలు పడుతుంటే పోవాలి. మొటిమలతో పాటు నెలసరి తప్పుతుంటే పోవాలి. ట్యూబు రాసి మొఖం మండుతుంటే పోవాలి. చిన్న మొటిమలే అయినా పిల్ల బాగా బాధపడుతుంటే పోవాలి.

ముందు ఏఎన్ఎంను గానీ, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును గానీ అడగండి. ముదిరితే నిజామాబాద్ సర్కారు పెద్దాసుపత్రికి పోవచ్చు. 2013లో మొదలైన సర్కారు మెడికల్ కాలేజీ ఆ దవాఖానతో కలిసి ఉంది. చర్మ రోగాల డాక్టర్లు ఎక్కడ చూస్తారో చీటీ ఇచ్చే కిటికీ దగ్గర అడగండి. ఆర్మూరు మీదుగా బస్సు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబులు, మింగిన గోలీల చీటీలు అన్నీ సంచిలో పెట్టుకుపోండి.

ఊర్లో సూదులు వేసే వాళ్లు మొటిమలకు సూది వేస్తామంటే వద్దనండి.

మొఖం మీద మొటిమ, మనసు మీద గాయం

మొటిమ పోయినా నల్ల మచ్చ కొన్ని నెలలు ఉంటుంది. అది మెల్లగా తగ్గుతుంది. మనం అన్న మాట మాత్రం అంత తొందరగా తగ్గదు.

"ఈ మొఖం చూసి ఎవలు చేసుకుంటరు?" అని పిల్లను అనవద్దు. సంబంధం చూడవచ్చిన వాళ్లు అంటే మనం నోరు మూసుకోవద్దు. మొటిమలు వచ్చాయని పిల్లలు అద్దం చూడడం మానేస్తారు. బడి మానేస్తారు. నలుగురిలోకి రారు. ఆ బాధలోనే తెల్లబడే ట్యూబు వెతుక్కుంటారు. మన మాటే వాళ్లను ఆ ట్యూబు దాకా నెడుతుంది.

పిల్ల అన్నం మానేస్తే, ఎప్పుడూ ఏడుస్తుంటే, చస్తానంటే చిన్న సంగతి అనుకోవద్దు. పక్కన కూర్చోండి. వినండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలీ మానస్. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసలు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు.

పాఠం చదివినంక మాట్లాడుకుందాం

1. మొటిమ ఎట్లా వస్తుంది? పొలం తూముతో పోల్చి మీ పక్కన ఉన్న అక్కకు చెప్పండి.

2. మీ ఇంట్లో ఉన్న మలాం ట్యూబులు అన్నీ రేపు కేంద్రానికి తెండి. ఎర్ర గీత ఎన్నింటి మీద ఉంది? గడువు దాటినవి ఎన్ని? లెక్క రాయండి.

3. స్టెరాయిడ్ పేర్లు ఐదు రాయండి. చూడకుండా రాయండి.

4. "పెండ్లి అయితే అవే పోతయి" అని మీ అత్తమ్మ అంటే ఏం జవాబు చెబుతారు? కోపం రాకుండా ఎట్లా చెబుతారు?

5. ఈ పాఠం ఇంట్లో మీ బిడ్డకు చదివి వినిపించండి. కొడుకుకు కూడా వినిపించండి.